ఫైబ్రోస్కాన్ రిపోర్టులో రెండు నంబర్లు: ఏది ముఖ్యం?

"శరాబు ముట్టని మనిషికి లివర్ జబ్బేంటి?" ఫైబ్రోస్కాన్ రిపోర్టు చేతికొస్తే మన ఇళ్లలో మొదట వచ్చే మాట ఇదే. ఆ అనుమానపు చూపులకు భయపడి రిపోర్టు దాచేవాళ్లూ ఉన్నారు. కానీ షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, హెపటైటిస్ బి, సి కూడా లివర్‌ని దెబ్బతీస్తాయి.

రిపోర్టులో సీఏపీ అని ఉండేది కొవ్వు లెక్క. కిలోపాస్కల్స్‌లో ఉండేది లివర్ గట్టిదనం, అంటే మచ్చల అంచనా. అసలు చూడాల్సింది దీన్నే. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు 8 లోపు ఉంటే ముదిరిన మచ్చలుండే అవకాశం తక్కువ. 8 నుంచి 12 మధ్య ఉంటే ఇంకా టెస్టులు కావాలి. 12 దాటితే లివర్ స్పెషలిస్టును వెంటనే కలవాలి. అలాగని ఒక్క నంబర్ చూసి సిర్రోసిస్ అనుకోవద్దు. టెస్టుకు ముందు కనీసం 3 గంటలు ఏమీ తినకూడదు. తిని వెళ్లినా, లివర్ వాపు ఉన్నా నంబర్ పెరుగుతుంది.

బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు కరుగుతుంది. 10 శాతం తగ్గితే మచ్చలూ తగ్గొచ్చు. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు, కొన్ని నెల్ల పని. దావత్ మానక్కర్లేదు, బిర్యానీ రెండోసారి వడ్డించుకోకపోతే చాలు. కూల్‌డ్రింకులు మాత్రం మానేయాలి. చక్కెర లేని కాఫీ మంచిదే.

సిర్రోసిస్ ఉన్నవాళ్లు రోజా ఉండే ముందు డాక్టర్‌ని అడగాలి. జబ్బు మనిషికి దీన్‌లోనే మినహాయింపు ఉంది.