నిద్రలో ఊపిరి యంత్రము: ఏండ్ల తరబడి వాడవచ్చునా?

గురక పెట్టి నిద్రించువాడు సుఖముగ నిద్రించుచున్నాడని మన యిండ్లలో ఒక నమ్మకము కలదు. ప్రక్క గదిలోనివారికి కంటిమీద కునుకు లేకపోయినను, "పాపము, అలసి పడుకొన్నాడు, లేపవలదు" అందురు. ఆ గురకను కొంచెము సేపు చెవియొగ్గి వినినచో వేరొక సంగతి తెలియును. గురక హఠాత్తుగ ఆగిపోవును. ఛాతీ ఎగసిపడుచునే యుండును గాని, ముక్కుచెంత గాలి యాడదు. పది సెకండ్లో, ముప్పది సెకండ్లో గడచిన పిదప పెద్ద శబ్దముతో ఊపిరి తిరిగివచ్చును. రాత్రి యెల్ల ఇదే వరుస. దీనినే వైద్యులు స్లీప్ అప్నియా అందురు. 2022 ఫిబ్రవరిలో సంగీత దర్శకుడు బప్పీ లహిరి మరణించినపుడు వైద్యులు ఈ వ్యాధి పేరు చెప్పిరి. ఆయన కూర్చిన 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలు విని ఆనందించిన తెలుగు కుటుంబములు పెక్కు ఆ పేరు అప్పుడే మొదట వినియుండును.

ఇట్లు ఊపిరి ఆగుట గంటకు 30 సార్లు, అంతకు మించియు జరుగుచున్నచో వ్యాధి తీవ్రమైనదని యెంచి, వైద్యులు సామాన్యముగ సీపాప్ అను యంత్రమును వాడుమందురు. అది ఒక్క నెలకో, రెండు నెలలకో కాదు, పెక్కుమందికి జీవితాంతము. ఇంటిల్లిపాదికిని దిగులు పుట్టునది ఇచ్చటనే. ప్రతిరాత్రియు ముఖమునకు మాస్కు కట్టుకొని యంత్రపు గాలి పీల్చినచో ఊపిరితిత్తులు బలహీనపడవా? గుండెకు చేటు కాదా? అలవాటు పడినపిదప అది లేనిదే బ్రతుకలేని స్థితి రాదా?

మొదట ఆ గాలి యెట్టిదో చూతము. అది ప్రాణవాయువు సిలిండరు గాలి కాదు. మీ పడకగదిలోని గాలియే. యంత్రము చేయునదెల్ల దానిని వడగట్టి, కొంచెము ఒత్తిడితో గొంతులోనికి పంపుట. నిద్రలో గొంతు వెనుకనున్న మెత్తని కండరములు సడలి దారి మూయుటయే ఈ వ్యాధిలో అధికభాగమునకు కారణము. ఈ గాలి పందిరిగుంజవలె లోపల నిలిచి ఆ దారిని కూలనీయదు. ఒత్తిడి ఎంత? పది సెంటిమీటర్ల ఎత్తు నీరున్న గ్లాసు అడుగున ఎంత ఒత్తిడి యుండునో, పెక్కుమంది రోగులకు ఇంచుమించుగ అంతయే చాలును. దీనితో ఊపిరితిత్తులు పగులుననుకొనుట వట్టి భయము.

ఈ చికిత్స నిన్నమొన్నటిది కాదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున వైద్యుడు కాలిన్ సలివాన్ 1980లో దీనిని మొదట ప్రయోగించి, 1981లో 'లాన్సెట్' పత్రికలో ఐదుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించెను. ఆ తొలినాళ్ల యంత్రములకు ఇల్లు ఊడ్చు వాక్యూమ్ క్లీనరు మోటారే ఆధారము! అంతకుపూర్వము తీవ్రరోగికి మిగిలిన మార్గము, గొంతునకు రంధ్రము చేసి గొట్టము పెట్టుటయే. నలువది యేండ్లకు పైబడి లక్షలమంది ఈ గాలి పీల్చుచున్నారు. దానివలన ఊపిరితిత్తులు బలహీనపడునని తేలలేదు. యంత్రము మానినచో కొద్ది రోజులలోనే గురకయు, ఊపిరి ఆగుటయు తిరిగివచ్చును. కాని అది వ్యసనము కాదు. కండ్లజోడు తీసినచో అక్షరములు మసకబారుట జోడు చేసిన అపకారము కాదు గదా!

చిన్న బాధలు లేకపోలేదు. ముక్కు, నోరు ఎండుట, మాస్కు ఒరసి చర్మము కందుట, గాలి కడుపులోనికి పోయి ఉబ్బరించుట, అంచునుండి వెడలిన గాలి తగిలి కండ్లు మండుట సామాన్యములు. కొందరికి బరువు కొద్దిగ పెరుగును. ఏండ్ల తరబడి మాస్కు నొక్కుటచే పై పలువరుస స్వల్పముగ వెనుకకు జరుగునని పరిశోధకులు కొలిచి చూచిరి. ముఖపుటెముకలు ఇంకను పెరుగుచున్న పిల్లల విషయమున మాత్రము ఈ నొక్కుడును తేలికగ తీసికొనరాదు; వైద్యుడు తరచుగ పరీక్షింపవలెను.

గాలిమాట అట్లుండగా, అది యే పెట్టెగుండ వచ్చుచున్నదన్నది వేరు ప్రశ్న. నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదియే. 2021 జూన్ 14న ఫిలిప్స్ సంస్థ తన యంత్రములను లక్షలకొలది వెనుకకు పిలిచినది. మోటారు చప్పుడు వినబడకుండ లోపల అమర్చిన పాలియురితేన్ స్పాంజి తేమకును, వేడికిని శిథిలమై పొడిగ రాలి, గొట్టముగుండ రోగి ముక్కులోనికి పోవచ్చుననియు, హానికరములగు రసాయన వాయువులు వెలువడవచ్చుననియు వెల్లడియైనది. 2024 ఏప్రిల్‌లో ఆ సంస్థ, తప్పును అంగీకరింపకయే, అమెరికాలోని వ్యాజ్యముల పరిష్కారమునకు 110 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. కాన్సరు భయము సహజముగనే పుట్టినది. ఫ్రాన్సులోను, కెనడాలోని ఒంటారియోలోను జరిగిన పరిశీలనలలో ఆ యంత్రములు వాడినవారికి, ఇతర యంత్రములు వాడినవారికంటె కాన్సరు అధికముగ కానరాలేదు. అది ఊరట కలిగించు మాటయే. కాని కాన్సరు ఏండ్లు పట్టి పెరుగు రోగము గనుక, పరిశీలన ఇంకను సాగవలసియున్నది. పాత యంత్రమును చేతులు మారి కొనువారు దాని నమూనా సంఖ్యను ఆ జాబితాతో సరిచూచుకొనక తీసికొనరాదు.

రోగియెవరన్నదియు ముఖ్యమే. మెదడునుండి ఊపిరికి ఆజ్ఞ అందక శ్వాస ఆగు రకము వేరొకటి కలదు. గుండె బలహీనపడిన కొందరిలో ఇది కనిపించును. వారికై ఏ.ఎస్.వి. అను తెలివైన యంత్రమును తయారుచేసిరి; మేలు చేయునని అందరు నమ్మిరి. 1325 మందిపై జరిగిన పరీక్షాఫలితములు 2015లో వెలువడగా, యంత్రము వాడినవారిలో గుండెజబ్బు మరణములు నూటికి 29.9, వాడనివారిలో 24 అని తేలెను. ఇది సామాన్య సీపాప్ సంగతి కాదని మరువరాదు. ఐనను ఒకరికి వ్రాసిన యంత్రమును ఇంకొకరు ఎరువు తెచ్చుకొనుట ఎంత ప్రమాదమో దీనివలన తెలియును.

సీపాప్ గుండెను కాపాడునా యనినచో అతిశయోక్తి తగదు. 2016లో వెలువడిన ఒక పరీక్షలో, ఇదివరకే గుండె లేక మెదడు రక్తనాళముల జబ్బుగల 2717 మందిని సగటున 3.7 సంవత్సరములు గమనించిరి. గుండెపోటు, పక్షవాతములు తగ్గినట్లు తేలలేదు. పగటి కునుకుపాట్లు తగ్గినవి, గురక తగ్గినది, మనస్సు కుదుటపడినది. ఐతే వారు రాత్రికి సగటున వాడినది 3.3 గంటలే! లారీ స్టీరింగు పట్టువానికి పగటి కునుకు తగ్గుటయే ప్రాణరక్షణ.

ఇక ఇంటి సంగతులు. తేమగిన్నెలో డిస్టిల్డు వాటరే పోయవలెను. బోరునీరు పోసినచో తెల్లని గార పేరుకొనును. ప్రతి ఉదయము ఆ నీరు పారబోసి, మాస్కును సబ్బునీట కడిగి నీడన ఆరబెట్టిన చాలును. ఓజోనుతో శుభ్రము చేయు పెట్టెల జోలికి పోవలదు. అవి పైన చెప్పిన స్పాంజిని మరింత త్వరగ చెడగొట్టును. మాస్కు మీది చిన్న రంధ్రములు విడిచిన ఊపిరి వెలికిపోవు దారులు. గాలి వృథాయగుచున్నదని వాటికి టేపు అంటించరాదు. కరెంటు పోయినచో మాస్కు తీసివేయుట మేలు. ఇన్వర్టరున్నచో దానికి తగిలింపవచ్చును. పేస్ మేకరు అమర్చుకొన్నవారు, మాస్కు పట్టీల కొక్కెములలో అయస్కాంతములున్నవేమో అంగడిలోనే అడిగి చూడవలెను. అట్టి మాస్కుల విషయమున 2022, 2023 సంవత్సరములలో తయారీదారులే హెచ్చరికలు జారీచేసిరి.