ఎఫ్‌ఎం పైవాటాలో అద్దెకున్నవాళ్లు

“సార్, కారు స్టీరియోలో ఎఫ్‌ఎం పెడితే తెర మీద స్టేషన్ పేరు పడుతుంది కదా. ఆ సెట్టుకి సిమ్ లేదు, నెట్ లేదు. మరి పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది?” కమ్యూనికేషన్స్ క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. “కంపెనీవాళ్లు ముందే జాబితా ఎక్కించి అమ్ముతారు” అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. “అయితే ఇప్పుడు ఏ పాట వస్తోందో కూడా కొన్నిసార్లు చూపిస్తుందిగా, అది ఎవరెక్కించారు?” అని ఆ అమ్మాయే తిప్పికొట్టింది. పాటతోపాటు అదే గాలిలో, అదే స్టేషన్ నుంచి వచ్చిందని నేను చెప్తే ఇద్దరూ నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. పాఠ్యపుస్తకంలో దీనికి ఒక బొమ్మ, దాని కింద నాలుగు వాక్యాలు ఉంటాయి. ఆ బొమ్మలో ఏ గీత ఎందుకక్కడ ఉందో ఎవరూ చెప్పరు. ఒక్కో గీత వెనకా ఒక తగువో, ఒక సర్దుబాటో ఉంది.

ఎఫ్‌ఎంలో స్టేషన్ తరంగపు ఫ్రీక్వెన్సీని ధ్వనికి తగ్గట్టు అటూ ఇటూ ఊపుతారు. ధ్వని 15 కిలోహెర్ట్జ్ దాకా ఉంటే చాలు. అంతకు మించినదాన్ని పసిపిల్లల చెవులు పట్టుకుంటాయేమో గానీ మనకు అక్కర్లేదు. కానీ ట్రాన్స్‌మిటర్‌ని ఊపే సంకేతం 15 దగ్గరే ఆగాలన్న నియమం భౌతికశాస్త్రంలో లేదు. దాదాపు 100 కిలోహెర్ట్జ్ దాకా వెళ్లవచ్చు. అంటే ఎఫ్‌ఎం స్టేషన్ రెండంతస్తుల ఇల్లు. కింది వాటాలో యజమాని, అంటే మనం వినే కార్యక్రమం. పైవాటా ఖాళీ. 67 దగ్గర ఒక చిన్న తరంగాన్ని పెట్టి, దాని మీద వేరే సంగీతమో సమాచారమో ఎక్కించి, మొత్తాన్ని కలిపి ట్రాన్స్‌మిటర్‌కి ఇస్తే సరి. మామూలు రేడియోకి అది వినబడదు. ఆ చిన్న తరంగాన్నే సబ్‌కారియర్ అంటారు.

పైవాటా ఉందని మొదట చూపించినవాడు ఎఫ్‌ఎంని కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగే. 1934లో న్యూయార్క్ ఎంపైర్ స్టేట్ భవనం మీద నుంచి పరీక్షలు చేస్తూ, ఒకే తరంగం మీద రేడియో కార్యక్రమాలతోపాటు దినపత్రిక పేజీ నకలూ, టెలిగ్రాఫు సందేశమూ పంపించాడు. మరుసటి ఏడాదే ఆర్‌సీఏ కంపెనీ ఆయన సామాను అక్కణ్ణుంచి తీయించేసింది. ఆయనకీ ఆ కంపెనీ అధిపతి డేవిడ్ సర్నాఫ్‌కీ జరిగిన పోరు పెద్ద కథ. ఇప్పటికే చాలామంది రాశారు, నేను దాటేస్తాను. 1953లో జాన్ బోస్‌తో కలిసి ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ ఇదే విద్య చూపించాడు. ఆ మరుసటి జనవరి ఆఖర్లో ఆత్మహత్య చేసుకున్నాడు.

అప్పటికి అమెరికాలో ఎఫ్‌ఎం స్టేషన్లు ఈగలు తోలుకుంటున్నాయి. డబ్బొచ్చే దారి ఒక్కటే కనబడింది: దుకాణాల్లో, ఆఫీసుల్లో, హోటళ్లలో రోజంతా సన్నగా మోగే సంగీతం. దుకాణంవాడు చందా కడతాడు, కాబట్టి అతనికి ప్రకటనలు వినబడకూడదు. దానికోసం స్టేషన్‌వాళ్లు ప్రకటనకు ముందు ఒక ప్రత్యేక స్వరం పంపేవారు. అది అందగానే దుకాణంలోని సెట్టు నోరు మూసుకునేది. కొన్ని ఊళ్లలో సిటీ బస్సుల్లో కూడా ఎఫ్‌ఎం సెట్లు బిగించారు. వాషింగ్టన్‌లో ప్రయాణికులు ఇదేం గోల అని కోర్టుకెక్కితే వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ తానూ ఆ బస్సు సంగీతం బాధితుణ్ణేనని, నిష్పక్షపాతంగా ఉండలేనని చెప్పి తప్పుకున్నాడు! 1952లో తీర్పు బస్సు కంపెనీకే అనుకూలంగా వచ్చింది.

1955లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ పైవాటాని అద్దెకిచ్చుకోవడానికి అనుమతించింది. ఇక మామూలు శ్రోతకు కింద ఒక కార్యక్రమం, చందాదారుడికి పైన సంగీతం. ఆ అద్దెలతోనే ఊపిరి పీల్చిన స్టేషన్లున్నాయి. అసలు తగువు ఇక్కణ్ణుంచే మొదలవుతుంది.

1958లో స్టీరియో గ్రామఫోను రికార్డులు బజారులోకొచ్చాయి. రేడియోలోనూ స్టీరియో కావాలని జనం అడిగారు. ఇంటి నిండా ఉన్న పాత రేడియోలు మూలపడకుండా ఇది జరగాలి. అందుకు మంచి ఉపాయం అప్పటికే ఉంది. ఎడమ, కుడి ధ్వనులను కలిపిన మొత్తాన్ని కింది వాటాలో పంపితే పాత రేడియోకి అది చాలు. ఎడమలోంచి కుడిని తీసేసిన తేడాని పైవాటాలో పంపాలి. కొత్త రేడియో మొత్తానికి తేడా కలిపితే ఎడమ వస్తుంది, తీసేస్తే కుడి వస్తుంది. ఇంతవరకు పేచీ లేదు. ఆ తేడాని పైన ఎలా కూర్చోబెట్టాలన్నదే గొడవ.

ముర్రే క్రాస్బీ అన్న ఇంజనీరు ఒక పద్ధతి చెప్పాడు. ఈయన ఒకప్పుడు ఆర్‌సీఏలో పనిచేస్తూ ఎఫ్‌ఎంలో రొద ఎలా ప్రవర్తిస్తుందో కొలిచి, 1937లో పేరుమోసిన పరిశోధనాపత్రం రాసినవాడు. ఎఫ్‌ఎంలో రొద కింది ఫ్రీక్వెన్సీల్లో తక్కువ, పైకి పోయేకొద్దీ ఎక్కువ. కాబట్టి పైవాటాలో పెట్టిన దేనికైనా రొద తప్పదు. దానికి విరుగుడుగా క్రాస్బీ 50 కిలోహెర్ట్జ్ సబ్‌కారియర్‌ని కూడా ఎఫ్‌ఎం పద్ధతిలోనే, వెడల్పుగా, 25 నుంచి 75 దాకా ఊపుదామన్నాడు. రొద బాగా అణుగుతుంది. కానీ పైవాటా మొత్తం ఆయనకే కావాలి. దుకాణాల సంగీతం ఖాళీ చేయాల్సిందే.

జెనిత్, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలు ఇంకో పద్ధతితో వచ్చాయి. 1960లో పిట్స్‌బర్గ్‌లో ఆరు పద్ధతుల్ని గాలిలోకి పంపి పరీక్షించారు. 1961 ఏప్రిల్‌లో ఎఫ్‌సీసీ జెనిత్, జీఈల పద్ధతిని ఎంచుకుంది. కారణాలు కొన్నున్నాయి, వాటిలో గట్టిది, అది 53 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోవడం. 67 దగ్గర అద్దెకున్నవాళ్లు కదలక్కర్లేదు. ప్రపంచంలో దాదాపు అంతటా ఎఫ్‌ఎం స్టీరియో ఎలా ఉండాలన్నది నిర్ణయించడంలో ఆ దుకాణాల సంగీతానిది పెద్ద చెయ్యి. దూరపు స్టేషన్‌ని స్టీరియోలో వింటే బుస్సుమని, మోనో మీట నొక్కగానే ఆ బుస మాయమవడం మీలో చాలామంది గమనించే ఉంటారు. క్రాస్బీ పద్ధతి గెలిచి ఉంటే ఆ బుస చాలా తగ్గేది. వినేవాడిగా నా ఓటు క్రాస్బీకే. కానీ గెలిచిన పద్ధతిలోని తెలివి చూస్తే అతని మీద జాలిపడే తీరిక కూడా దొరకదు.

వాళ్లు తేడా సంకేతంతో 38 కిలోహెర్ట్జ్ తరంగాన్ని గుణించారు. గుణిస్తే 23 నుంచి 53 దాకా రెండు రెక్కలు వస్తాయి, మధ్యలో 38 తరంగం మాత్రం ఉండదు. రెండు వైపులా ఒకే ధ్వని ఉంటే, వార్తలు చదివేటప్పటిలా, తేడా సున్నా. పైవాటా పూర్తిగా ఖాళీ అయిపోతుంది. క్రాస్బీ సబ్‌కారియర్ అలా కాదు, మాట్లాడినా మాట్లాడకపోయినా పూర్తి బలంతో నిలబడి ఉండాలి. ఇప్పుడు మొత్తాన్నీ, 38తో గుణించిన తేడానీ కలిపి చూడండి. 38 తరంగం శిఖరం మీద ఉన్న క్షణంలో మొత్తం, తేడా కూడితే మిగిలేది ఎడమ మాత్రమే, రెట్టింపుగా. లోయలో ఉన్న క్షణంలో మిగిలేది కుడి మాత్రమే. అంటే ఈ లెక్కంతా చేసి వాళ్లు పంపుతున్నది సెకనుకు 38 వేల సార్లు ఎడమ, కుడి, ఎడమ, కుడి అని మార్చిమార్చి చూపించడమే! రేడియోలో కూడికలు, తీసివేతలు అక్కర్లేదు. అంతే వేగంతో అటూ ఇటూ పడే స్విచ్చి ఒకటి చాలు. రెండు మార్గాలూ గణితంలో ఒక్కటే. కాగితం మీద ఇది తేలిన రోజు ఇంజనీరుకి అన్నం సయించదు. ఇంకో లాభం కూడా ఉంది: ఒక సమయంలో ఎడమో కుడో ఏదో ఒకటే కాబట్టి, రెండూ కలిసి ట్రాన్స్‌మిటర్ మీద మోయలేని బరువు పెట్టవు.

ఒక చిక్కు మిగిలింది. ఆ స్విచ్చి ఎప్పుడు పడాలో రేడియోకి ఎలా తెలుస్తుంది? 38 తరంగాన్ని పంపడం లేదు కదా. పంపినా దాన్ని వడగట్టడం కష్టం, ఎందుకంటే తేడాలోని మంద్రస్వరాలు దాన్ని ఆనుకునే ఉంటాయి. 50 హెర్ట్జ్ స్వరం కూర్చునేది 37.95 దగ్గర. అందుకని దాంట్లో సగం, 19 కిలోహెర్ట్జ్, సన్నగా పంపారు. కింది ధ్వని 15 దగ్గర ఆగుతుంది, పైవాటా రెక్కలు 23 దగ్గర మొదలవుతాయి. 19కి అటూ ఇటూ ఎవరూ లేరు. చవక ఫిల్టరైనా దాన్ని పట్టుకుంటుంది. దీని పేరు పైలట్. దాన్ని రెట్టింపు చేస్తే 38. ఇంకా సొగసైన సంగతి, పైలట్‌ని రేడియో తలకిందులుగా పట్టుకున్నా, రెట్టింపు చేసేసరికి 38 సరిగ్గానే వస్తుంది. ఎడమ, కుడి తారుమారు కావు. 76 పంపి సగం చేసుకోమంటే ఈ భరోసా ఉండేది కాదు.

డిజిటల్ టీవీ కోసం తయారైన చవక యూఎస్‌బీ డాంగిల్ ఒకటి లాప్‌టాప్‌కి తగిలించి, స్టీరియో స్టేషన్‌ని విప్పి, ఈ ఇంటి నక్షా తెర మీద వేసి క్లాసుకి చూపించాను. కింద పాట ఎగిరెగిరి పడుతోంది. 19 దగ్గర సూదిలా పైలట్, కదలకుండా. 38కి అటూ ఇటూ రెక్కలు, నడుమ గుంట. ఇంకాస్త పైన, 57 దగ్గర, చిన్న జంట గుట్టలు. ఆ అమ్మాయి అడిగిన పేరు ఉన్నది అక్కడ.

57 అంటే పైలట్‌కి మూడు రెట్లు. అక్కడ మొదట దిగింది జర్మనీ. 1974లో బ్లౌపుంక్ట్ కంపెనీ, ఏఆర్‌డీ ప్రసార సంస్థ కలిసి వాహనదారుల కోసం ఏఆర్ఐ అన్న ఏర్పాటు చేశాయి. 57 తరంగం ఉంటే ఆ స్టేషన్ రోడ్ల వార్తలు చెప్పేదని గుర్తు. దాని మీద 125 హెర్ట్జ్ స్వరం వచ్చిందంటే ఇప్పుడు చెప్తున్నారని. క్యాసెట్టు వింటున్నా సరే, సెట్టు దాన్ని ఆపి వార్త వినిపిస్తుంది. పదేళ్ల తర్వాత యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఆర్‌డీఎస్‌ని, అంటే స్టేషన్ పేరునీ మిగతా సమాచారాన్నీ అంకెల్లో పంపే పద్ధతిని, తెచ్చినప్పుడు దానికీ 57 కావాల్సి వచ్చింది. ఉన్నవాణ్ణి వెళ్లగొట్టలేదు. ఆర్‌డీఎస్ సంకేతాన్ని సరిగ్గా 57 దగ్గర ఏమీ లేకుండా, అటూ ఇటూ రెండు గుట్టలుగా మలిచారు. పైగా ఏఆర్ఐ తరంగానికి పావు చుట్టు ఎడంగా నడిపారు. ఒకే గదిలో ఇద్దరున్నా ఒకరికొకరు అడ్డం రాలేదు. తెర మీద 57 దగ్గర మా విద్యార్థులు చూసిన జంట గుట్టల నడిమి గుంట ఏఆర్ఐ కోసం వదిలిన జాగా. ఏఆర్ఐ ఎప్పుడో పోయింది, జాగా ఉండిపోయింది.

వేగం సెకనుకు 1187.5 బిట్లు. ఈ వింత అంకె ఎక్కడిదంటే 19 వేలని 16తో భాగించండి. అన్నీ పైలట్ పిల్లలే. అయితే మూడు రెట్లు చేసినప్పుడు రెండు రెట్లలోని భరోసా లేదు: పైలట్ తలకిందులైతే 57 కూడా తలకిందులవుతుంది, ఒకట్లు సున్నాలవుతాయి. అందుకే ఆర్‌డీఎస్ బిట్టుని నేరుగా కాక, వెనకటి దానితో పోలిస్తే మారిందా లేదా అన్న రూపంలో పంపుతారు. మొత్తం బోర్లాపడినా మార్పు మార్పే. 104 బిట్లు ఒక గుంపు. వాటిలో 40 తప్పులు పట్టడానికే. స్టేషన్ పేరు ఎనిమిది అక్షరాలు, గుంపుకి రెండు చొప్పున వస్తాయి. స్టేషన్ మార్చగానే పేరు పడటానికి తడబడేది అందుకే.

67 దగ్గర తర్వాత చాలామందే దిగారు. 1969 జనవరిలో మిన్నెసోటా రాష్ట్రంలో చూపులేనివాళ్ల కోసం పత్రికలు, పుస్తకాలు చదివి వినిపించే సేవ సబ్‌కారియర్ మీద మొదలైంది; ప్రత్యేక సెట్లు వాళ్లకి అరువిచ్చేవారు. రొదున్నా, సంగీతానికి చాలని ఇరుకు గదే అయినా, మాటకి అది చాలు. క్రాస్బీ గెలిచి ఉంటే ఆ గదే మిగిలేది కాదు కాబట్టి, ఆయనకి ఓటేసిన నేను ఇక్కడ తగ్గుతాను. ఇంకోవైపు హాబీ కుర్రాళ్లు 565 అనే ఐసీతో చిన్న సర్క్యూటు కట్టుకుని దుకాణాల సంగీతాన్ని చందా లేకుండా వినేవారు. ఆ ఐసీ డేటాషీటులోనే సర్క్యూటు అచ్చయి ఉండేది! తర్వాత సీకో పేజర్ వాచీలు, జపాన్‌లో 76 దగ్గర రోడ్ల సమాచారం, 2004లో మైక్రోసాఫ్ట్ వాచీలు. సెల్‌ఫోను అందరి పనీ పట్టింది. మైక్రోసాఫ్ట్ సేవ 2012 జనవరి 1న ఆగిపోయింది.

ఆర్‌డీఎస్ నిలిచింది. అయితే దాని పాత అక్షరపట్టికలో తెలుగు లేదు, అందుకే మన స్టేషన్ల పేర్లు ఇంగ్లీషు లిపిలో పడతాయి. కొత్త ప్రమాణంలో యూనికోడ్ పేరుకి 32 బైట్ల చోటిచ్చారు. తెలుగులో ఒక్కో అక్షరానికి, గుణింతపు గుర్తుకి మూడు బైట్లు. విశాఖపట్నం 30 బైట్లతో ఇరుకుగా పడుతుంది. హైదరాబాద్‌కి 27 చాలు. రాజమహేంద్రవరానికి 39 కావాలి, పట్టదు. రాజమండ్రి అంటే 27తో సరిపోతుంది.