వన్స్‌మోర్

తెల్లవారుదాక పద్యనాటకములు జరిగిన రోజులను చూచినవారికి ‘వన్స్‌మోర్’ అను మాటకు అర్థము చెప్పనక్కరలేదు. రాయబారమునకు వచ్చిన కృష్ణవేషధారి పద్యమునెత్తుకొని, కడపటి పాదముపై రాగమును నిమిషములకొలది సాగదీసి, హార్మోనియమువాని వంక ఒక చూపు విసరి విరమించెనో లేదో, చాపల మీది జనములోనుండి ఆ కేక లేచెడిది. నటుడు చిరునవ్వుతో అదే పద్యమును మరల అందుకొనెడివాడు. పద్యమదే, వేషమదే, కిరీటమదే. కాని గట్టి నటుడు రెండవమారు రాగమును మొదటిమారు నడచిన దారిని నడువనిచ్చెడివాడు కాడు. చేవలేని నటుడు మాత్రము పాడినదానినే పాడి, ఎవరును కోరకున్నను మూడవమారు కూడ ఎత్తుకొనగా, వెనుక వరుసలవారు చుట్ట ముట్టించుకొనుటకు లేచిపోయెడివారు.

ఈ ముచ్చట నాకు మొన్న జ్ఞప్తికి వచ్చినది నాటకశాలలో కాదు, మా మనుమని గదిలో. వాడు టీవీ ముందు కూర్చుండి కార్ల పందెము ఆడుచుండగా, ‘సంక్రాంతికి వచ్చినప్పుడు ఆడినది ఇదే గదరా’ అంటిని. ‘కాదు తాతయ్యా, అది పోయినేడాదిది, ఇది కొత్తది’ అన్నాడు. తేడా ఏమని అడుగగా, ఆటనాపి, ఒక క్షణమాలోచించి, ‘ఇందులో వానపడితే రోడ్డు ఇంకా బాగా మెరుస్తుంది’ అని చెప్పినాడు. నిజమే, రోడ్డు మెరయుచునే యున్నది.

వీడియో ఆటల వ్యాపారమునందు ఒక ఆట జనాదరణ పొందినచో, దాని పేరునకు రెండు, మూడు, నాలుగు అని అంకెలు తగిలించి సీక్వెళ్ళను వెలువరించుట వాడుక. మన సినిమావారును ఈ మధ్య ఆ విద్య నేర్చినారు గాని, వారి అంకె మూడు దాటుట అరుదు. ఆటలవారికి పది దాటుట సామాన్యము. కొన్నదానినే మరల కొనిపించుచున్నారని ఆటగాండ్ర ఫిర్యాదు. మీరడిగినదే ఇచ్చుచున్నామని కంపెనీల సమాధానము.

ఈ తగవు నేటిది కాదు. జపానుదేశపు నింటెండో సంస్థ 1985లో సూపర్ మారియో బ్రదర్స్‌ను విడుదల చేసి, మరుసటి యేటనే దానికి రెండవ భాగమును తెచ్చినది. అందులోని బొమ్మలు, సంగీతము, ఎగిరి దూకు విధము దాదాపు మొదటిదాని నుండియే వచ్చినవి. ముఖ్యముగా పెరిగినది కాఠిన్యము. ఇంత కఠినమైనది తమ దేశపు పిల్లలకు రుచింపదని తలచిన అమెరికా శాఖవారు దానిని ప్రక్కనబెట్టి, డోకి డోకి పానిక్ అను వేరొక నింటెండో ఆటలోని పాత్రలకు మారియో బృందపు మొగములనతికించి, 1988లో సూపర్ మారియో బ్రదర్స్ 2 అను పేరుతో అమ్మిరి. మోసమందమా? ఆ అతుకుల బొంతలోనుండియే ముసుగు మొగముల షై గై, కాళ్ళతో నడచు బాంబు బాబ్-ఆంబ్ బయటికి వచ్చి, మారియో కుటుంబమున శాశ్వతముగా స్థిరపడిపోయినవి. కడుపున బుట్టిన కొడుకుకంటె దత్తుడే ఇంటికి ఎక్కువ కూడబెట్టెను.

నాటి ఆటలను వ్రేళ్ళపై లెక్కింపదగినంతమంది నిర్మించెడివారు. నేడొక పెద్ద ఆటకు ప్రోగ్రామర్లు, చిత్రకారులు, నటులు, సంగీతజ్ఞులు వందలమంది ఏండ్ల తరబడి శ్రమింపవలెను. కాల్ ఆఫ్ డ్యూటీ అను యుద్ధపుటాటల వరుసలో 2020లో వచ్చిన బ్లాక్ ఆప్స్ కోల్డ్ వార్‌కు, విడుదలానంతరపు పోషణతో గూడ, 70 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించినట్లు దానిని వెలువరించిన కంపెనీవారే అమెరికా న్యాయస్థానమునకు నివేదించిరి. అంత సొమ్మును ఎవరును పేరెరుగని కొత్త ఆటపై ఒడ్డుటకు ఏ షావుకారునకు గుండె చాలును? ఆపైన, ఒకమారు నిర్మించిన ‘ఇంజన్’, అనగా తెరపైని వెలుగునీడలను, నడకలను, పడుటలేచుటలను లెక్కగట్టు యంత్రాంగము, తరువాతి ఆటకును పనికివచ్చును; అచ్చు చేతనున్న కుమ్మరికి రెండవ వినాయకుడు మొదటివానికంటె చౌక. కాల్ ఆఫ్ డ్యూటీ 2005 నుండి యేటేట తప్పక వచ్చుచున్నది. ఒక్క యేడులో ఒక్క స్టూడియో ఈ పనికి చాలదు గనుక ఇన్ఫినిటీ వార్డ్, ట్రేయార్క్, స్లెడ్జ్‌హామర్ అను మూడును వంతులు వేసికొని, క్రిస్మసు బేరములకు ముందుగా సరుకునందించుచు వచ్చినవి.

క్రీడల ఆటలను మాత్రము, కొన్నదానినే మరల కొనిపించుచున్నారను నిందనుండి కొంత తప్పింపవలెను. 1993లో మొదలైన ఫీఫా అను ఫుట్‌బాల్ ఆటల వరుస, ఫీఫా 23తో ఆ పేరు విడిచి, 2023 నుండి ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా చెలామణి యగుచున్నది. బంతి అదే, గోలు అదే. ముఖ్యముగా మారునవి జట్లలోని పేర్లు, వారి బలాబలముల అంకెలు. ఉగాదికి పంచాంగము కొనువాడు, నిరుటిదానిలోను ఇవే తిథులు, ఇవే నక్షత్రములు గదా అని అంగడివానితో దెబ్బలాడునా? అయితే పంచాంగము చిల్లర డబ్బులకు వచ్చును, ఇది వేలు పలుకును. ఆ మాటకు మాత్రము నా వద్ద జవాబు లేదు.

కథాప్రధానములైన ఆటల సంగతి వేరు. ఇంగ్లండులోని డర్బీ పట్టణమున కోర్ డిజైన్ అను స్టూడియోవారు 1996లో టూంబ్ రైడర్‌ను నిర్మించిరి. పాడుపడిన ఆలయములలో, సమాధులలో ప్రాచీన వస్తువులకై వెదకు లారా క్రాఫ్ట్ దానికి నాయిక. తన అడుగుల చప్పుడు తప్ప వేరు సవ్వడి లేని లోయలో ఆమె ఒంటరిగా నడచుచుండగా చీకటిలోనుండి డైనోసారు ఊడిపడిన ఘట్టమును, ఆనాడు ఆడినవారు నేటికిని మరువలేదు. అది బంగారుబాతని తెలిసికొన్న ప్రచురణకర్తలు యేటికొక ఆట కావలెననిరి. 1997లో ఒకటి, 1998లో ఒకటి, 1999లో ఒకటి వచ్చినవి. నాలుగవదానికి ప్రాణము విసిగిన నిర్మాతలు, ఆ ఆట చివర ఈజిప్టులో కూలుచున్న కట్టడము క్రింద తమ నాయికను పూడ్చివేసిరి. షెర్లాక్ హోమ్స్ బెడద పడలేక కానన్ డాయిల్ అతనిని జలపాతము పాలు చేసినది ఇట్టి విసుగుతోనే. డాయిల్‌కు కనీసము కొన్నేండ్ల విశ్రాంతి దొరికినది, డర్బీవారికదియును దొరకలేదు. 2000లో ఐదవ ఆట రానే వలసి వచ్చినది. ఏమి చేయుదురు? లారా స్మారకసభ ముగిసిన పిదప ఆమె మిత్రులు ఒకచోట జేరి ఆమె పాత సాహసములను తలపోసికొనుచున్నట్లు కథ కల్పించిరి! 2003లో వచ్చిన ఆరవ ఆట తప్పులతడకయై అభాసు పాలు కాగా, యజమానులు ఆ వరుసను డర్బీనుండి తీసి కాలిఫోర్నియాలోని క్రిస్టల్ డైనమిక్స్‌కు అప్పగించిరి. అక్కడివారు మూడేండ్లు తీసికొని 2006లో లెజెండ్‌ను తెచ్చిన పిమ్మట గాని లారాకు పునర్జన్మ కలుగలేదు.

ఈ గుణపాఠము ఫ్రాన్సుదేశపు ఉబిసాఫ్ట్‌కు తెలియనిది కాదు. అయినను వారదే గోతిలో పడిరి. వారి అసాసిన్స్ క్రీడ్ నిజమునకు ప్రిన్స్ ఆఫ్ పర్షియా అను పాత వరుసకు కొనసాగింపుగా మొదలై, నిర్మాణములోనే వేరు దారి పట్టి, 2007లో కొత్త పేరుతో వెలువడినది. క్రూసేడు యుద్ధములనాటి జెరూసలేము, డమాస్కసు నగరములలో ఎత్తైన గోపురమునెక్కుట, అక్కడినుండి ఊరినంతయు పరికించుట, క్రిందనున్న గడ్డిబండిలోనికి దూకుట: ఈ మూడును మొదట ఆడినవారికి ఒడలు పులకరింపజేసినవి. 2009 తరువాత యేటేట ఒకటి వచ్చినది. ఊరు మారెను, శతాబ్దము మారెను. గోపురమును గడ్డిబండియు మారలేదు. 2014 నవంబరులో ఒకేమారు రెండు ఆటలు వెలువడగా, వానిలో పెద్దదైన యూనిటీ, ఫ్రెంచి విప్లవమునాటి పారిస్ నగరమును కన్నులపండువుగా చూపినను, లోపములతో నిండి బజారునకెక్కినది. కొన్ని దృశ్యములలో పాత్రలకు మొగములు మాయమై, కనుగ్రుడ్లును పండ్లును మాత్రమే గాలిలో తేలుచు కనిపించినవి, లోకమంతయు నవ్వినది. కంపెనీ క్షమాపణ చెప్పికొని, అనుబంధ కథనొకదానిని ఉచితముగా నిచ్చినది. 2016లో ప్రధాన వరుసలో ఆటయే తీసికొని రాలేదు. ఆ విరామఫలమే 2017లో క్లియోపాత్రా నాటి ఈజిప్టు కథతో వచ్చిన ఆరిజిన్స్. పోరాటపు పద్ధతి మొదలుకొని అంతయు పునర్నిర్మాణమైనది. ఇక్కడొక వింత. తరువాతి ఆటలు కొత్తదారిలోనే పెరిగి పెరిగి, వంద గంటలాడినను తెగనంత పెద్దవి కాగా, పాత పొట్టి ఆటయే బాగుండెనని జనము మూలుగసాగినది. వారి కోసమని 2023లో బాగ్దాదు నగరములో నడచు మిరాజ్‌ను పాత పద్ధతిలోనే చేయవలసి వచ్చినది.

కనుక పోలికయే దోషమనలేము. జెల్డా వరుసలో 1998 నాటి ఒకరీనా ఆఫ్ టైమ్ కొరకు చేసిన బొమ్మలనే, మొగములనే మరల వాడి నింటెండోవారు 2000లో మేజొరాస్ మాస్క్‌ను తెచ్చిరి. ఇంతకంటె పోలికగల సీక్వెల్ ఉండునా? కాని దాని కథయో, మూడు దినములలో చంద్రుడు నేలపై పడనుండగా, ఆటగాడా మూడు దినములనే మరల మరల బ్రదికి, ప్రతిమారు ఒక్కొక్కరి దుఃఖమును తెలిసికొనుట. వన్స్‌మోర్‌నే కథావస్తువుగా చేసికొన్నారు! సేగా వారి యాకుజా వరుస ఇంకొక నిదర్శనము. టోక్యోలోని కాబుకిచో పేటను పోలిన కామురోచో అను కల్పిత పేట, 2005 నాటి మొదటి ఆట మొదలుకొని దాదాపు ప్రతి ఆటలోను కనబడును. పదేండ్లు చెరలో గడిపి వచ్చిన కథానాయకునితో పాటు మనమును ఆ సందులలో తిరిగి తిరిగి, ఏ మూల ఏ అంగడి యుండెనో, ఇప్పుడక్కడ ఏమి వెలసినదో గుర్తింపగలుగుదుము. పండుగకు స్వగ్రామము పోయినవానికి బస్టాండు ప్రక్క పాత హోటలు కనబడనపుడు కలుగు దిగులు వంటిది అక్కడ కలుగును. కొత్త నగరమును ఎన్ని కోట్లు పోసి కట్టినను ఆ దిగులు పుట్టదు.

సీక్వెళ్ళు తగ్గినంతనే మేలు కలుగుననియు అనలేము. గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఐదవ భాగము 2013లో వచ్చినది. 2025 ముగిసినను ఆరవది రాలేదు. ఈలోగా ఆ ఐదవదానినే మూడు తరముల కన్సోళ్ళపై మూడుమార్లు అమ్మినారు.

నన్నడిగినచో, యేటేట వచ్చు కథల ఆటలు అతిగా ఒకదానినొకటి పోలియున్నవనియే చెప్పుదును. ఆ తప్పు పోలికది కాదు, పంచాంగము చూచి కానుపు జరుపవలెనను తొందరది. ఆ తొందరకు మనము పెట్టుబడి పెట్టుచున్నాము. ఆట ఎట్లుండునో ఎవరికిని తెలియకమునుపే ప్రీ-ఆర్డర్ పేరిట సొమ్ము ముందుగా కట్టువారున్నంతకాలము, రాగమును మార్చి పాడు శ్రమ ఏ నటుడు పడును? పిల్లలకు ఈ ఆటలు కొనిపెట్టు తలిదండ్రులారా, ఒక్క యేడు ఆగుడు. ధర తగ్గును, లోపములు దిద్దబడును, ఆటకు నిలుచు యోగ్యత కలదో లేదో తేలిపోవును. యూనిటీ సంగతియే చూడుడు. 2019 ఏప్రిల్‌లో పారిస్‌లోని నోత్రదామ్ దేవాలయపు కప్పు తగులబడి శిఖరము కూలినపుడు, ఉబిసాఫ్ట్‌వారు ఆ ఆటను కంప్యూటరుపై ఆడువారికి వారము దినములు ఉచితముగా పంచిరి. ఐదేండ్లకు ముందు మొగములు లేవని నవ్వినవారే ఆటలోని ఆ గుడిలో నడచి, గోడలు ప్రాకి, కాలిపోని కప్పు మీద నిలిచి ఊరిని చూచి వచ్చిరి.