‘ప్రమాదం’ అనే మాట – రసాయన పరిశ్రమల్లో తీవ్రగాయాలు: ఒక అర్థపరిశీలన

వ్యాససంగ్రహం:
రసాయన కర్మాగారాల్లో కార్మికులకు తీవ్రగాయాలు కలిగించే ఘటనలను తెలుగులో ‘ప్రమాదాలు’ అంటున్నాం. ఈ పదానికి సంస్కృతంలో ఉన్న అర్థం వేరు, తెలుగు వాడుకలో స్థిరపడిన అర్థం వేరు. ఈ అర్థభేదాన్ని, వార్తారచనలోని వాక్యనిర్మాణాన్ని, గాయాన్ని చట్టం కొలిచే తీరును కలిపి పరిశీలించి, బాధ్యత ఎవరిదన్న ప్రశ్న భాషలో ఎట్లా మరుగున పడుతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రమాదం, ఏమరుపాటు, అర్థవిపరిణామం, రసాయన పరిశ్రమ, అంగవైకల్యం, నష్టపరిహారం.

1. ఉపోద్ఘాతం:
2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసైన్షియా ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడు 17 మందిని బలిగొన్నది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి కర్మాగారంలో 40 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వీరిలో పొట్టకూటికి ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారు అనేకులు. ఇటువంటి సందర్భాల్లో మృతుల సంఖ్య ప్రజల జ్ఞాపకంలో నిలుస్తుంది. కాలిన చర్మంతో, దెబ్బతిన్న ఊపిరితిత్తులతో బతికి బయటపడినవారు ‘క్షతగాత్రులు’ అన్న ఒక్క మాటలో కలిసిపోతారు.

2. పదం – అర్థవిపరిణామం:
‘ప్రమాద’ శబ్దం ‘మద్’ ధాతువు నుంచి వచ్చింది. మత్తు, అజాగ్రత్త, చేయవలసినదాన్ని విస్మరించడం దీని అర్థాలు. అచ్చతెలుగులో దీనికి సరియైన మాట ‘ఏమరుపాటు’. ధమ్మపదంలోని రెండవ వర్గానికి ‘అప్పమాద’ అన్న పేరు ఈ అర్థంలోనే ఏర్పడింది. అంటే మూలార్థంలో ప్రమాదం ఒక మనిషి చేసే దోషం. తెలుగు వాడుకలో అది మనిషికి సంభవించే ఆపదగా మారింది. కారణాన్ని తెలిపిన పదం ఫలితాన్ని తెలిపే పదమైంది. ‘ప్రమాదవశాత్తు’ అన్నప్పుడు ఎవరి తప్పూ లేదన్న ధ్వని కూడా వచ్చి చేరింది.

విశేషమేమంటే, ఇదే ధాతువు నుంచి వచ్చిన ‘అప్రమత్తం’ తెలుగులో మూలార్థాన్ని నిలుపుకొన్నది. ‘కార్మికులు అప్రమత్తంగా ఉండాలి’ అని అంటాం. జాగ్రత్త మనిషి కర్తవ్యంగా మిగిలింది, అజాగ్రత్త మాత్రం ఎవరిదీ కాకుండా పోయింది.

3. ‘హఠాత్తు’ వెనుక ఉన్న క్రమం:
కొన్ని రసాయనచర్యలు వేడిని విడుదల చేస్తాయి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చర్యావేగం సుమారు రెట్టింపవుతుందన్నది రసాయనశాస్త్రంలో పరిచితమైన స్థూల అంచనా. శీతలీకరణ తొలగించే వేడి మాత్రం ఉష్ణోగ్రతాభేదానికి అనులోమంగానే పెరుగుతుంది. పుట్టే వేడి, తొలగే వేడిని మించిన తరువాత చర్య తనను తానే వేగవంతం చేసుకుంటుంది.

స్టైరీన్ నిల్వలో ఉన్నప్పుడు కూడా దాని అణువులు నెమ్మదిగా గొలుసుకట్టుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి. అందుకే దానికి నిరోధక రసాయనం, చల్లదనం, ట్యాంకు అంతటా ఉష్ణోగ్రతను గమనించే ఏర్పాటు అవసరం. వీటిలో లోపం ఏర్పడితే వేడి లోలోపల పోగవుతుంది. చూసేవారికి హఠాత్తుగా తోచిన ఘటన నిజానికి చాలాముందే మొదలై ఉంటుంది. ఆ వ్యవధిలో జరిగినదే మూలార్థంలోని ప్రమాదం.

4. వాక్యంలో కర్త:
‘రియాక్టర్ పేలింది’, ‘గ్యాస్ లీకైంది’, ‘కార్మికులు గాయపడ్డారు’ వంటివి వార్తల్లో తరచుగా కనిపించే వాక్యాలు. వీటిలోని క్రియలు అకర్మకాలు. ఎవరూ కావాలని పేల్చలేదు కనుక ‘పేలింది’ అనడం వ్యాకరణరీత్యా, వాస్తవరీత్యా సమంజసమే. అయితే ఇక్కడ వెదకవలసినది పేల్చిన కర్తను కాదు, ఆపవలసి ఉండీ ఆపని కర్తను. ఆ లోపాన్ని చెప్పడానికి ‘మరమ్మతు చేయలేదు’, ‘హెచ్చరికను పట్టించుకోలేదు’ వంటి వ్యతిరేకక్రియలు కావాలి. తెలుగులో ‘చేయలేదు’ అన్న రూపం పురుషను గాని, వచనాన్ని గాని సూచించదు. నేను, నీవు, వారు – అందరికీ అదే రూపం. కాబట్టి కర్తను విడిగా పేర్కొనకపోతే విచారణ నివేదికలోని సత్యం కూడా కర్తలేని వాక్యంగానే మిగులుతుంది.

5. చట్టం కొలిచే గాయం:
2025 వరకు అమలులో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూలులో గాయాలకు శాతాలు నిర్ణయించారు. బొటనవేలు పోతే ఆర్జనశక్తిలో 30 శాతం నష్టం, రెండు చేతులూ పోతే 100 శాతం. యంత్రాల్లో అవయవాలు తెగిపోయే గాయాలకు ఈ పట్టిక బాగా సరిపోయేది. రసాయనం కలిగించే గాయం వేరు. ఆవిరి పీల్చినవారి అవయవాలన్నీ పైకి యథాతథంగానే ఉండవచ్చు. పట్టికలో లేని శాశ్వతగాయాల విషయంలో ఆర్జనశక్తి ఎంత తగ్గిందో వైద్యుడు అంచనా వేయవలసి ఉండేది. ఊపిరి అందక బరువు మోయలేని కార్మికుడు తన నష్టాన్ని కాగితాలతో నిరూపించుకోవలసి వచ్చేది.

పరిహారానికి యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించనవసరం లేకపోవడం ఈ చట్టంలోని మేలుగా ఉండేది. అయితే కార్మికుడు మత్తులో ఉండటం వల్లనో, భద్రతానియమాన్ని బుద్ధిపూర్వకంగా ఉల్లంఘించడం వల్లనో గాయం కలిగితే, మరణం, శాశ్వత సంపూర్ణ వైకల్యం మినహా, యజమానికి బాధ్యత లేదన్న మినహాయింపు కూడా ఉండేది. ‘మద్’ ధాతువులోని మత్తును, ఏమరుపాటును ఈ మినహాయింపు కార్మికుని పక్షాననే వెదికింది.

భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, ప్రమాదకర ప్రక్రియల వివరాలను కార్మికులకు తెలియజేయాలన్నది. ముంచుకొచ్చే ఆపదను యాజమాన్యం దృష్టికి తెచ్చే హక్కునూ వారికి కల్పించింది. ఆ వివరాలు కార్మికునికి అర్థమయ్యే భాషలో లేనప్పుడు ఈ హక్కు ఆచరణలోకి రాదు.

6. ముగింపు:
1. ‘ప్రమాదం’ దోషవాచకం నుంచి ఆపద్వాచకంగా మారడంతో కర్త ప్రసక్తి అర్థంలో నుంచి తొలగింది.
2. అకర్మకక్రియలు, పురుషభేదం లేని వ్యతిరేకరూపాలు ఈ లోపాన్ని వాక్యస్థాయిలో కొనసాగిస్తున్నాయి. కనుక వార్తలోను, నివేదికలోను కర్తృపదాన్ని స్పష్టంగా ప్రయోగించడం అవసరం.
3. కంటికి కనిపించని రసాయన గాయాలకు తెలుగులో స్పష్టమైన వివరణ ఉండాలి. అది వైద్యపత్రంలోను, పరిహార దరఖాస్తులోను ఉపయోగపడాలి.
4. భద్రతాసూచనల భాష కార్మికుల మాతృభాషలను అనుసరించాలి. పాశమైలారం వంటి చోట్ల తెలుగుతోపాటు హిందీ, ఒడియా వంటి భాషలూ తప్పనిసరి.