మౌస్ భేష్, సాఫ్ట్‌వేర్‌తోనే తంటా

1964లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకు బిల్ ఇంగ్లిష్ రూపం ఇచ్చిన మొదటి మౌస్ ఒక చెక్కపెట్టె. అడుగున రెండు చక్రాలు, పైన ఒకే ఒక్క బొత్తం. దాన్ని ఎవరూ తిట్టుకోలేదు. పోల్చి తిట్టడానికి ఇంకో మౌస్ ఉంటే కదా! తిట్లన్నీ గేమర్లు వచ్చాకే మొదలయ్యాయి.

చక్రాల చోట బంతి వచ్చింది. 1999లో గేమర్ల కోసమే అంటూ రేజర్ సంస్థ అమ్మిన బూమ్‌స్లాంగ్ కూడా బంతి మౌసే. బంతి మోసుకొచ్చిన మురికి లోపలి రోలర్లకు పట్టుకుంటే గోటితో గీకి తీయాల్సిందే. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ ఆ బాధ తప్పించింది. దాని పొట్టలో ఉన్నది సెన్సర్ అనే చిన్న కెమెరా. ఎర్ర వెలుగులో బల్లను సెకనుకు 1500 సార్లు ఫొటో తీసి, ఒక్కోదాన్నీ ముందుదానితో పోల్చి, గరుకుదనపు గుర్తులు ఎటు ఎంత జరిగాయో లెక్కగట్టేది. ఆఫీసు పనికి అది చాలు. తుపాకుల ఆట కౌంటర్-స్ట్రైక్ ఆడేవాడు చేతిని విసురుగా తిప్పితే మాత్రం రెండు ఫొటోల్లో ఉమ్మడి గుర్తులే మిగిలేవి కావు. లెక్క తప్పి, శత్రువు మీదుండాల్సిన గురి ఆకాశంలోకి పోయేది. 2016 ప్రాంతంలో వచ్చిన పిక్స్‌ఆర్ట్ 3360 సెన్సర్ సెకనుకు 12,000 ఫొటోల దాకా తీయగలదు. అక్కణ్ణుంచి సెన్సర్ మీద సణుగుడు చాలామటుకు తగ్గింది. ఇవాళ అట్టపెట్టెల మీద 30,000 డీపీఐ (చెయ్యి అంగుళం కదిలితే సెన్సర్ లెక్కించే చుక్కలు) అని అచ్చేస్తున్నా, కౌంటర్-స్ట్రైక్ వృత్తి ఆటగాళ్లలో ఎక్కువమంది పెట్టుకునేది 400 లేదా 800. ఆ పెద్ద అంకె అమ్మకానికే తప్ప ఆటకు అక్కరకొచ్చేది కాదని నా లెక్క.

మౌస్ మీద మిగిలిన తగువు ఎడమ బొత్తం కిందుంది. అక్కడి మైక్రోస్విచ్‌లో పలచని లోహపు రేకు ఉంటుంది. నొక్కగానే అది టక్కున తగిలి, కుదురుకునే లోపు రవ్వంతసేపు అదురుతుంది. ఆ అదురును కొత్త క్లిక్‌గా లెక్కించకుండా మౌస్ చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఓపిక పడుతుంది. రేకు బిగువు సడలి, తగిలే చోటు పాడయ్యాక అదురు ఆ గడువును దాటేస్తుంది. ఒకసారి నొక్కితే రెండు తూటాలు! కోటి, రెండు కోట్ల క్లిక్‌లకు ఢోకా లేదని చెప్పుకునే స్విచ్‌ల మీదా ఈ ఫిర్యాదు వినబడుతుంది. 2019లో రేజర్ వైపర్ మౌస్‌లో రేకుల తాకిడికి బదులు పరారుణ కాంతితో క్లిక్‌ను పసిగట్టే స్విచ్ పెట్టారు. అదురు సమస్య అలా తీరింది గానీ, వేలికి ఆ పాత కమ్మదనం తగలడం లేదని కొందరు పెదవి విరిచారు.

అసలు మంట సాఫ్ట్‌వేర్ మీద. బొత్తానికో పని, దీపానికో రంగు అప్పజెప్పడానికి వందల మెగాబైట్ల ప్రోగ్రాం ఎందుకు? మౌస్‌కు లాగిన్ ఏమిటి? 2021 ఆగస్టులో ఒక భద్రతా పరిశోధకుడు ఇంకో కథ బయటపెట్టాడు. విండోస్ 10 కంప్యూటర్‌కు రేజర్ మౌస్ తగిలిస్తే దానంతటదే దిగే ఇన్‌స్టాలర్ సందులోంచి, మామూలు వాడుకరి కూడా యంత్రం మీద సర్వాధికారాలు చేజిక్కించుకునే వీలుండేది. సంస్థ హడావిడిగా దాన్ని సరిదిద్దాల్సి వచ్చింది.

అందుకే చెయ్యి తిరిగినవాళ్లు కొనేముందు అడిగేది ఆన్‌బోర్డ్ మెమరీ ఉందా అని. ఉంటే డీపీఐ, పోలింగ్ రేటు (మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు కబురంపాలో) మౌస్‌లోనే భద్రపరిచి, ప్రోగ్రాంను ఆ పూటే పీకేస్తారు. కొన్ని కంపెనీలు బ్రౌజర్‌లోనే అన్నీ సర్దుకునే వీలు కల్పిస్తున్నాయి. ఏ ఆట తెరిస్తే దానికి తగ్గట్టు సెట్టింగులు వాటంతటవే మారాలనుకునేవాళ్లకు మాత్రం, ఎంత విసుక్కున్నా ఆ ప్రోగ్రాం వెనకాల నడుస్తూ ఉండాల్సిందే.