స్కోరు తెలిశాక చదివే పేజీ

2025 ఆగస్టు 4, సోమవారం. లండన్‌లోని ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌తో టెస్టు ఆఖరి రోజు. ఇంగ్లండ్‌కు 35 పరుగులు కావాలి, మనకు 4 వికెట్లు కావాలి. హైదరాబాదీ మహమ్మద్ సిరాజ్ ఆ నాలుగింటిలో మూడు పడగొట్టాడు. భుజం కీలు తప్పిన క్రిస్ వోక్స్ ఒక చేతిని మెడకు కట్టిన పట్టీలో వేలాడేసుకుని, రెండో చేత్తో బ్యాటు పట్టుకుని చివర్లో దిగాడు. 374 కొట్టాల్సిన ఇంగ్లండ్ 367 దగ్గర ఆగిపోయింది. మనవాళ్లు 6 పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 2-2తో సమం చేశారు.

ఈ ఆటను ఫోన్‌లో కళ్లార్పకుండా చూసిన డిగ్రీ కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. ఇంగ్లీషు పాఠం అంటే గుండెల్లో రాయి. మర్నాడు పొద్దున ఇంగ్లీషు పత్రిక ఆటల పేజీ అతని ముందు పెట్టండి. మ్యాచ్ ఎవరు గెలిచారో తెలుసు. ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ 19 పరుగుల దగ్గరున్నప్పుడు క్యాచ్ పట్టి కూడా సిరాజ్ బౌండరీ తాడు తొక్కడం, ఆ బ్రూక్ 111 దాకా పోవడం, ఆఖరి రోజు అదే సిరాజ్ మ్యాచ్ గెలిపించడం అన్నీ తెలుసు. వోక్స్ ఫొటో కింద ‘స్లింగ్’ అన్న మాట ఎదురైతే నిఘంటువు తీయక్కర్లేదు. ఆ పట్టీని అతను నిన్ననే చూశాడు. పేజీలో తెలియనిది ఒక్కటే మిగిలింది, భాష. చుట్టూ ఉన్నవన్నీ తెలిసినవే కాబట్టి భాష కూడా మెల్లగా దారికొస్తుంది.

ఇంగ్లీషు పట్టుబడాలంటే ముందుగా మనసుపడిన సంగతి, ఇప్పటికే సగం తెలిసిన సంగతి చదవాలని ఈ కథనం గట్టిగా నమ్ముతోంది. ఆటల పేజీ, యూనివర్సిటీ కబుర్లు, రోజువారీ వార్తలు అందుకు చేతికందే దూరంలో ఉన్నాయి. మనం మాత్రం పిల్లల చేత గ్రామరు సూత్రాలు వల్లె వేయించి, ముప్పై రోజుల స్పోకెన్ ఇంగ్లీషు తరగతులకు డబ్బు కట్టి, ఇంకా మాట రావడం లేదని బాధపడుతున్నాం.

యాభై మాటలకు ఒక్కటి

ఇంగ్లీషు పరాయిభాషగా ఉన్నవాళ్లకు చదువే మొదటి మెట్టు కావాలని గట్టిగా చెప్పిన మనిషి మన ఉపఖండంలోనే పనిచేశాడు. ఆయన మైకేల్ వెస్ట్. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపాడు. బెంగాలీ పిల్లలను దగ్గర నుంచి చూసి 1926లో ద్విభాషా విద్య మీద ఒక గ్రంథం ప్రచురించాడు. చాలామంది పిల్లలు కొన్నేళ్లకే బడి మానేస్తారు. వాళ్లకు మాట్లాడే అవకాశమూ రాదు. చదవడం వచ్చి ఉంటే మాత్రం బడి మానేశాక కూడా తమంతట తాము ముందుకు పోగలరు. ఇదీ ఆయన వాదన. పిల్లల కోసం ఆయన రాసిన వాచకాల్లో కొత్తమాటలను పొదుపుగా, దూరం దూరంగా వాడాడు. సుమారు యాభై మాటలకు ఒక కొత్తమాట మించకూడదన్నది ఆయన లెక్క.

2000లో మార్సెల్లా హూ, పాల్ నేషన్ అనే పరిశోధకులు వేరే దారిలో వచ్చి దాదాపు అక్కడికే చేరారు. ఎవరి సాయమూ లేకుండా ఒక కథ హాయిగా అర్థం కావాలంటే అందులో నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని వాళ్లు తేల్చారు. మరి పత్రికలు, నవలలు చదవాలంటే? నేషన్ 2006 నాటి అంచనా ప్రకారం ఎనిమిది, తొమ్మిది వేల పద కుటుంబాలు, అంటే ఒకే మూలం నుంచి పుట్టిన మాటల గుంపులు, తెలియాలి. ఈ అంకె వినగానే తెలుగు మాధ్యమం పిల్లాడికి నీరసం వస్తుంది.

ఆటల పేజీ ఆదుకునేది సరిగ్గా ఇక్కడే. ఒక మ్యాచ్ కథనం ముందేసుకుని చూడండి. సిరాజ్, గిల్, బ్రూక్, ఓవల్ లాంటి పేర్లు ఎన్నో ఉంటాయి. అంకెలు ఎన్నో ఉంటాయి. వికెట్, ఓవర్, క్యాచ్, ఇన్నింగ్స్, ఫాలో ఆన్ లాంటి మాటలు అమ్మమ్మలకూ తెలుసు. వీటన్నిటినీ తీసేస్తే నేర్చుకోవాల్సినవిగా మిగిలేవి కొద్ది మాటలే. అవే మాటలు రేపటి మ్యాచ్‌లో, ఎల్లుండి మ్యాచ్‌లో మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకే విషయం మీద వరసగా చదువుకుంటూ పోవాలని భాషావేత్త స్టీఫెన్ క్రాషెన్ 1981లోనే రాశాడు. మన పిల్లలు ఐపీఎల్ రెండు నెలలూ ఆ పనే చేయగలరు, ఎవరూ బతిమాలక్కర్లేకుండా.

క్రికెట్ పడనివాళ్లకు బ్యాడ్మింటన్ సింధు ఉంది. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మరీన్ మీద మొదటి గేమ్ 21-19తో గెలిచి, తర్వాతి రెండూ ఓడిన రోజు తెలుగువాళ్లకు ఇంకా గుర్తే. 2019లో బాసెల్‌లో ఒకుహారాను 21-7, 21-7తో చిత్తుచేసి ప్రపంచ చాంపియన్ అయిన రోజూ గుర్తే. ఈ రెండు మ్యాచ్‌ల కథనాలు పక్కపక్కన పెట్టి చదివితే ఓటమిని ఇంగ్లీషులో ఎలా చెబుతారో, ఏకపక్ష విజయాన్ని ఎలా చెబుతారో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పనంత బాగా తెలుస్తుంది. క్రియ తర్వాత వచ్చే చిన్న చిన్న మాటలే మనవాళ్లను ముప్పుతిప్పలు పెడతాయి. ఎక్కడ ‘బై’ రావాలి, ఎక్కడ ‘ఫర్’ రావాలి, ఎక్కడ ‘టు’ రావాలి? ‘బౌల్డ్ ఔట్ ఫర్’ తర్వాత స్కోరు, ‘వన్ బై’ తర్వాత తేడా వస్తాయని పదిసార్లు చదివిన కంటికి సూత్రం చెప్పక్కర్లేదు.

ఫిజీ పల్లెబడుల్లో ఏం జరిగింది

ఇష్టమైనది చదివితే భాష వస్తుందనడం ఊరికే మంచిమాట కాదు, పరీక్షకు నిలిచిన సంగతి. 1980 ప్రాంతంలో ఫిజీ దీవుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పుస్తకాలు పెద్దగా లేని ఎనిమిది పల్లెబడులను ఎంచుకున్నారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 380 మంది. వాళ్ల ఇళ్లలో ఇంగ్లీషు లేదు. తరగతికి 250 చొప్పున బొమ్మల కథల పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు ఇష్టపడి చదవాలి, లేదా టీచరుతో కలిసి చదివి ముచ్చటించుకోవాలి. పోల్చి చూడటానికి మరో నాలుగు బడుల్లో పాత పద్ధతి పాఠాలే కొనసాగించారు.

ఎనిమిది నెలల తర్వాత పరీక్ష పెడితే, పుస్తకాలు అందిన పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో, విని అర్థం చేసుకోవడంలో మామూలుకన్నా రెండింతల వేగంతో ఎదిగారు. ప్రయోగం రెండో ఏడాదిలోకి వెళ్లేసరికి ఆ మేలు రాత లాంటి మిగతా నైపుణ్యాలకూ పాకింది. చదివిందే వాటికీ పనికొచ్చింది. ఫిజీ చెరకు తోటలకు గిర్మిట్ (ఒప్పంద) కూలీలుగా వెళ్లిన దక్షిణాదివారిలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ దీవుల్లో నిరూపణ అయిన సంగతి ఇన్నేళ్లయినా మన బడుల్లోకి పెద్దగా రాలేదు.

మనం మాధ్యమం గురించి పోట్లాడుకున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన ఇంగ్లీషు మాధ్యమం ఉత్తర్వులు 2020లో హైకోర్టులో వీగిపోయాయి. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. ఈ వాదోపవాదాల్లో ఎవరి పక్షాన ఉన్నా సరే, ఒక ప్రశ్న అడగాలి. పాఠ్యపుస్తకం కాకుండా ఆ పిల్లలు ఇష్టంగా చదువుకోవడానికి బడిలో ఇంగ్లీషులో ఏముంది? బోర్డు మీద మాధ్యమం మారింది, సంచిలో పుస్తకం మారింది. చదివే అలవాటు మాత్రం ఉత్తర్వులతో వచ్చేది కాదు.

క్యాంపస్ కబుర్లు

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. ఇంగ్లీషు బోధన నేర్పడానికి 1958లో పుట్టి, నేడు ఇఫ్లూగా పిలుస్తున్న విశ్వవిద్యాలయం దాని పక్కనే ఉంది. ఈ రెండింటి చుట్టుపక్కల హాస్టళ్లలో ఏటా వేలమంది పల్లెటూరి పిల్లలు మొదటిసారి పుస్తకాలన్నీ ఇంగ్లీషులో చూస్తారు. క్లాసులో సారు అడిగితే జవాబు తెలిసి కూడా తల దించుకుని కూర్చుంటారు. ఆ మౌనం వెనక తెలివితక్కువ లేదు. చదివిన వాక్యాలు తక్కువ, అంతే.

ఈ పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాలంటే, వాళ్ల బతుక్కి తగిలే వార్త దగ్గరే. పరీక్షల వాయిదా, ఫీజు రీయింబర్స్‌మెంట్, మెస్ బిల్లు, పీహెచ్‌డీ నోటిఫికేషన్ ఏదైనా కావచ్చు. వీటిలో ఒక్క వాక్యం అపార్థమైనా నష్టం తనకే కాబట్టి కుర్రాడు రెండుసార్లు చదువుతాడు. నోటీసు బోర్డు మీది సర్క్యులర్ ఇంగ్లీషు వేరు, దాని మీద విద్యార్థి నాయకుడు పత్రికకు రాసిన లేఖ ఇంగ్లీషు వేరు. రెండూ చదివినవాడికి దరఖాస్తు రాయడమూ వస్తుంది, వాదించడమూ వస్తుంది. మ్యాచ్ రిపోర్టుల్లో దొరకనిది ఇదే. వర్ణనకు ఆటల పేజీ చాలు, అర్జీకి చాలదు.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మంచి వనరు ఉంది. 2023-24లో అమెరికా విద్యాసంస్థల్లో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగు పిల్లల వాటా పెద్దదేనని ఏ వీధిలో అడిగినా చెబుతారు. వీళ్లంతా టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ పుస్తకాలు తిరగేస్తారు కానీ, తాము చేరబోయే యూనివర్సిటీ విద్యార్థులు నడిపే పత్రిక ఒక్కరోజైనా చూడరు. హార్వర్డ్‌లో ‘క్రిమ్సన్’ 1873 నుంచి వస్తోంది. ఆక్స్‌ఫర్డ్‌లో ‘చెర్వెల్’ 1920 నుంచి, కేంబ్రిడ్జ్‌లో ‘వార్సిటీ’ 1947 నుంచి ఉన్నాయి. అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాలు చాలావాటికి ఇలాంటి పత్రికలున్నాయి, నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. రాసేవాళ్లకు ఇరవై, ఇరవై రెండేళ్లు. అద్దె ఇళ్ల ఇబ్బంది, క్యాంటీన్ ధరలు, కాపీ కొట్టి పట్టుబడితే ఏం చేస్తారు, ప్రొఫెసర్‌ను ఎప్పుడు వెళ్లి కలవొచ్చు వంటివన్నీ వాళ్ల మామూలు మాటల్లో ఉంటాయి. మూడు నెలలు చదివి విమానం ఎక్కిన పిల్లకు అక్కడి మొదటి వారం అంత కొత్తగా ఉండదు.

అల్పపీడనం నుంచి తుపాను దాకా

వార్తల పేజీ కాస్త మొండిది. అందులో మొదటి అడ్డంకి హెడ్డింగే. ఇంగ్లీషు పత్రిక హెడ్డింగుల్లో నిన్న జరిగింది వర్తమానంలో ఉంటుంది, రేపు జరగబోయేది ‘టు’తో ఉంటుంది, ‘ఎ’, ‘ది’ లాంటివి ఎగిరిపోతాయి. ‘పీఎం టు విజిట్ వైజాగ్’ అంటే ఇంకా రాలేదని అర్థం. ఇది ఒకరు చెబితే ఐదు నిమిషాల్లో తెలిసే సంగతి. చెప్పేవాళ్లు లేకపోతే నెలల తరబడి తికమకే.

రెండో అడ్డంకి వాక్య నిర్మాణం. తెలుగులో క్రియ చివర వస్తుంది, దాని కోసం ఓపిగ్గా ఆగడం మనకు అలవాటు. ఇంగ్లీషు వార్తలో ఎవరు ఏం చేశారన్నది ముందే వచ్చేస్తుంది, ఎక్కడ, ఎందుకు, ఎవరు చెప్పారు అన్న తోక వెనక నడుస్తుంది. కనుక ముందు కర్తనూ క్రియనూ పట్టుకుంటే చాలు, తోక తర్వాత చూసుకోవచ్చు.

ఎలా మొదలుపెట్టాలి? తెలుగు పత్రిక ముందు చదివి, అదే వార్తను ఇంగ్లీషు పత్రికలో చదవడం అన్నిటికన్నా మంచి పద్ధతి. అనువాదం చేసుకోవడానికి కాదు, సంగతి ముందే తెలిసి ఉండటానికి. అందులోనూ రోజుల తరబడి సాగే వార్తను పట్టుకోవాలి. కోస్తా పిల్లలకు తుపాను వార్తను మించినది లేదు. బంగాళాఖాతంలో అల్పపీడనం, అది బలపడి వాయుగుండం, తర్వాత తీవ్ర వాయుగుండం, ఆపైన తుపాను. ఈ మెట్లన్నీ రేడియోలో వింటూ పెరిగినవాళ్లు వాళ్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసిన రోజు పెద్దవాళ్లకు తెలుసు. ఇంగ్లీషులోనూ అవే మెట్లు, అదే వరసలో వస్తాయి. నాలుగైదు రోజులు వెంబడిస్తే వాతావరణం, సహాయ చర్యలు, నష్టం అంచనా, పరిహారం దాకా ఎంత పరిపాలన ఇంగ్లీషు పట్టుబడుతుందో చెప్పలేం. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఇది రెండు విధాల లాభం.

మాట మాటకూ ఆగి శంకరనారాయణ నిఘంటువు తీయొద్దు. ఫోన్‌లో అనువాదం మీట అసలే నొక్కొద్దు. అది నొక్కితే చదివింది తెలుగే అవుతుంది. మూడుసార్లు ఎదురై, మూడుసార్లూ అర్థం కాని మాటనే వెతకండి. ఉచ్చారణ మాత్రం చదివితే రాదు, వినాల్సిందే. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన, పందొమ్మిదేళ్లకే ఆకాశవాణిలో వ్యాఖ్యానం మొదలుపెట్టిన హర్షా భోగ్లే గొంతు మన ఇళ్లలో మోగుతూనే ఉంది. రాత్రి ఆ వ్యాఖ్యానం విని, పొద్దున అదే మ్యాచ్ కథనం బయటికి చదవండి.

పత్రికల ఇంగ్లీషుతో మన తెలుగువాళ్లు ఎంత దూరం పోయారో కూడా ఒక మాట. విజయనగరంలో పుట్టిన సి.వై. చింతామణికి డిగ్రీ లేదు. అలహాబాద్ ‘లీడర్’ పత్రికకు దశాబ్దాల పాటు సంపాదకుడై, దేశంలో ఇంగ్లీషు పాత్రికేయానికి పెద్దదిక్కుగా నిలిచాడు. చీరాలకు చెందిన కోటంరాజు రామారావు 1938లో మొదలైన ‘నేషనల్ హెరాల్డ్’కు తొలి సంపాదకుడు. ఇంట్లో ఇద్దరిదీ తెలుగే.

ఇక అమ్మానాన్నలకు, లెక్చరర్లకు ఒక విన్నపం. చుట్టాల ముందు ఇంగ్లీషులో మాట్లాడమని పిల్లల్ని నిలబెట్టకండి. ఆటల పేజీ చదివితే చదువు పాడవుతుందని లాక్కోకండి. మీ కాలేజీ రీడింగ్ రూమ్‌లో నిన్నటి ఇంగ్లీషు పత్రికలను కట్టగట్టి అటక మీద పెట్టకుండా బల్ల మీదే వారం రోజులు ఉంచండి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇంగ్లీషు దినపత్రిక వస్తోందో లేదో ఒకసారి వెళ్లి చూడండి. రాకపోతే జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ పెట్టండి. మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయాల కోసమే వసూలు చేస్తున్నారు. ఆ పత్రిక మన పిల్లలకు రావాల్సిందే.