కుక్కపిల్లకు నేర్పు విధము

కొట్టము కడ కావలికిని, మంద వెంట పోవుటకును కుక్క రైతునకు ఉపయోగపడుట అందఱు ఎఱిగినదే. కొల్లేటి ప్రాంతమున బాతుల మందలను తోలుటకు ఒకప్పుడు జోనంగి జాతి కుక్కలను వాడుచుండిరి. అయినను కోడెను కాడికి అలవాటు చేయునప్పుడు మనము చూపు ఓర్పులో నాలవవంతైనను కుక్కపిల్ల యెడల చూపము. తప్పు చేసిన కొట్టుదుము. ఒప్పు చేసిన ఊరకుందుము. పెక్కు కుక్కలు పిఱికివియో, కఱచునవియో యగుటకు ఇది ముఖ్య హేతువు.

ఈ విషయమున నేనును తప్పు చేసినవాడనే. కొన్ని యేండ్ల క్రిందట మా యింటి కుక్కపిల్ల కోడిపిల్లను తఱుముచుండగా పేరు పెట్టి పిలిచితిని. అది తఱుముట మాని, తోక యూపుచు నాయొద్దకు వచ్చెను. నేను బెత్తముతో కొట్టితిని. కోడిపిల్లను తఱిమినందులకు దండించితినని నే ననుకొంటిని. పిలువగా వచ్చినందులకు దెబ్బ తగిలెనని అది తెలిసికొనెను. నాటినుండి పేరు విన్నంతనే తోక ముడుచుకొని దూరముగా తొలగుచుండెను. ఒకనాడు బాటపై లారీ వచ్చుచుండ పిలిచితిని. నాయొద్దకు రాక, బాటకు అడ్డముగా పరుగిడెను. ప్రాణము దక్కెను గాని కాలు విఱిగెను. దాని కుంటినడక చూచినప్పుడెల్ల నాకు ఆ బెత్తమే జ్ఞప్తికి వచ్చుచుండెను.

ఇట్లేల జరిగెను? కుక్కపిల్ల తనకు కలిగిన సుఖమును గాని, దుఃఖమును గాని ఆ క్షణమున తాను చేయుచున్న పనితోనే ముడిపెట్టుకొనును. కొంత ముందు చేసిన పనితో కాదు. రష్యా దేశపు ఇవాన్ పావ్లోవ్ పండితుడు కుక్కలకు ఆహారము పెట్టుటకు ముందు ప్రతిసారియు ఒక చప్పుడు వినిపించుచు రాగా, కొన్నాళ్లకు ఆ చప్పుడు విన్నంతనే వాని నోట లాలాజలము ఊఱుట కనుగొనెను. పేరు కూడ అట్టి చప్పుడే. దాని వెంట ముద్ద వచ్చిన కుక్క దగ్గఱకు వచ్చును. దెబ్బ వచ్చిన పాఱిపోవును.

తెచ్చు వయస్సు: ఎనిమిది వారములు నిండువఱకు పిల్లను తల్లినుండి వేఱు చేయరాదు. మూడవ నెల నిండులోపల చూచిన వస్తువులకు అది సులభముగా అలవాటు పడును. కావున ఆవులను, కోళ్లను, పిల్లలను, ట్రాక్టరు చప్పుడును మొదట దూరమునుండియే చూపి, బెదరకున్న దగ్గఱ చేయవలెను.

పిలుపు: రెండక్షరముల పేరు మేలు. మూడు గజముల దూరమునుండి ఒక్కసారి పిలిచి, రాగానే రొట్టెముక్క ఇచ్చి నిమురవలెను. దూరమును దినదినము పెంచవలెను. ఆకలిగొన్న వేళ, పూటకు ఐదు నిమిషములు చాలును; విసుగు పుట్టకముందే విడిచిపెట్టవలెను.

శుభ్రత: నిద్ర లేచినంతనే, తిన్నవెంటనే, ఆడినపిదప ఒకే చోటికి బయటికి తీసికొనిపోయి, పని కాగానే మెచ్చుకొనవలెను. ఇంట తప్పు చేసినచో ముక్కును అందులో రాయుట వ్యర్థము. నీటితో కడిగి ఊరకుండవలెను.

కొఱుకుట: పాలపండ్లు ఊడి క్రొత్తవి వచ్చుట నాలుగవ నెలనుండి ఏడవ నెలవఱకు జరుగును. అప్పుడు దేనినైనను కొఱుకును. పాతగుడ్డను ముడివేసి ఈయవలెను. చేతిని కొఱికినచో ఆట ఆపి, చేయి తీసికొని, కొంచెముసేపు పలుకరింపక యుండవలెను.

కోళ్లను తఱుముట: పిల్లను త్రాడుతో పట్టుకొని కోళ్లకు దూరముగా నిలిపి, అది వానినుండి చూపు మరల్చి మనవైపు చూచినంతనే ముక్క ఈయవలెను. నేను బెత్తమునకు బదులు నాడు ఈ త్రాడు వాడవలసియుండెను.

నోరును, కాళ్లను, చెవులను దినమున కొకసారి మెల్లగా తాకుచుండినచో పిల్ల వైద్యుని చేతిని చూచి బెదరదు. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి రాకుండ టీకా వేయింపవలెను. ఏడాదికి మరల వేయించి, పిమ్మట పశువైద్యుడు చెప్పినట్లు నడుచుకొనవలెను. ఆ వ్యాధి చిహ్నములు పైకి కనబడిన పిదప మనుష్యుడు బ్రదుకుట మిక్కిలి అరుదు. కావున ఏ కుక్క కఱచినను గాయమును సబ్బుతో, పాఱు నీటితో 15 నిమిషములు కడిగి, కారము, సున్నము వంటివి పూయక, నాడే వైద్యశాలకు పోవలెను.

పై వానిలో అన్నియు ఒక్కమాఱు సాగకున్నను, ఒక్క నియమమును మాత్రము ఇంటిల్లిపాదియు పాటింపవలెను. పిలువగా వచ్చిన పిల్లను, అది ఏమి చేసివచ్చినను, కొట్టరాదు. ఆపదవేళ దానిని కాపాడునది ఆ పిలుపే.